ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు: చెరువు ఎగువన ఒక లేఅవుట్ కేసు

ఇది తిరుపతికి పడమర, చంద్రగిరి వైపు కొండల కింద ఉన్న ఒక లేఅవుట్‌లో జరిగిన పని. ఊరి పేరు, ఇంటి వాళ్ల పేర్లు రాయడం లేదు. పేర్లతో పని లేదు కూడా, ఎందుకంటే ఇలాంటి లేఅవుట్లు స్వర్ణముఖి పరీవాహకంలో ఇప్పుడు ప్రతి చెరువు ఎగువనా కనిపిస్తున్నాయి. సివిల్ ఇంజనీరుగా ఇళ్ల ప్లాన్లు, మురుగునీటి ఏర్పాట్లు చూసే వాణ్ని కాబట్టి లెక్కలతో సహా మొత్తం రాస్తున్నాను. ప్లాన్లు గీసే వాళ్లకీ, ప్లాటు కొనబోయే వాళ్లకీ పనికొస్తుంది.

నన్ను పిలిచింది ఒక రిటైర్డ్ మాస్టారు. 40 x 60 అడుగుల ప్లాటు, అంటే దాదాపు 5.5 సెంట్లు, ఉత్తరం ముఖం. ఇంకా పునాది తీయలేదు. కట్టుబడి నీళ్ల కోసం ముందు బోరు వేయించారు, అందరూ చేసేదే. నీళ్లు బాగానే పడ్డాయి. ఆయన సైన్సు చెప్పిన మనిషి, ఊరికే ఉండలేక శాంపిల్ ల్యాబుకు పంపించారు. నైట్రేట్ 70 దాటింది, మల సంబంధమైన కోలిఫాం బ్యాక్టీరియా ఉందని వచ్చింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో ఆ కోలిఫాం ఒక్కటి కూడా కనిపించకూడదు. "కొత్త బోరు సార్, ఇంకా ఒక్క బిందె కూడా తాగలేదు, అప్పుడే ఇట్లొస్తే ఇంగ కాపురం ఎట్ల చేసేది" అన్నారు.

పొలం లేదు, పశువుల కొట్టం లేదు, చుట్టుపక్కల కోళ్ల ఫారం లేదు. ఉన్నదల్లా తూర్పు పక్క ఇల్లు ఒక్కటే, అది కట్టి కొన్నేళ్లయింది. కాంపౌండ్ గోడ మీంచి చూస్తే విషయం అర్థమైంది. వాళ్ల సెప్టిక్ ట్యాంకు వాళ్ల స్థలానికి వాయవ్య మూలలో ఉంది. మాస్టారి బోరు ఈయన స్థలానికి ఈశాన్య మూలలో ఉంది. రెండింటి మధ్య గోడ, మొత్తం కలిపి ఎనిమిది అడుగులు.

ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇద్దరూ వాస్తు ప్రకారమే కట్టుకున్నారు. మన దగ్గర బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో అనేది ఎవరూ మాట్లాడకుండానే అందరూ పాటించే నియమం. విడిగా ఒక ఇంటికి అది బాగానే ఉంటుంది, పాతకాలంలో స్థలాలు పెద్దవి, ఇళ్లు దూరం దూరం. కానీ 40 అడుగుల వెడల్పు ప్లాట్లు వరసగా పేర్చినప్పుడు నా వాయవ్యం పడమటింటి ఈశాన్యానికి ఆనుకుంటుంది. అంటే లేఅవుట్‌లో ప్రతి ఇంటి మురుగు పక్కింటి బోరు పక్కనే పడుతుంది. పేపరు మీద ఒకసారి వరస ప్లాట్లు గీసి, ఈ మూలలో బోరు, ఆ మూలలో ట్యాంకు పెట్టి చూడండి, వెన్నులో చలి పుడుతుంది. ప్లాన్ అప్రూవల్‌కి వెళ్లేది మాత్రం ఒక్కో ప్లాటు విడిగా, పక్క ప్లాటు అందులో ఖాళీ తెల్ల కాగితం.

ఇక దూరాల సంగతి. సెప్టిక్ ట్యాంకుకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 2470, 1985లో వచ్చింది, రెండు భాగాలు. మొదటిది ట్యాంకు గురించి, రెండోది ట్యాంకులోంచి బయటికొచ్చే నీటిని ఏం చేయాలి అన్నదాని గురించి. చాలామంది మొదటి భాగం దగ్గరే ఆగిపోతారు. రెండో భాగం చెప్పేది ఏమిటంటే, ఆ మురుగునీళ్లు నేలలోకి దిగే ఇంకుడు గుంత గానీ ఇంకుడు కందకం గానీ తాగునీటి బావికి 18 మీటర్లు, మనుషులు ఉండే ఇంటికి 6 మీటర్లు దూరంలో ఉండాలి. 18 మీటర్లంటే 59 అడుగులు. మాస్టారి ప్లాటు వెడల్పే 40 అడుగులు. ఉత్తరం ముఖం ఇంటికి ఈశాన్యం, వాయవ్యం రెండూ రోడ్డు వైపే కాబట్టి, పక్కవాళ్ల సంగతి వదిలేసినా, ఆయన సొంత బోరుకీ సొంత గుంతకీ మధ్య 18 మీటర్లు రావడం అసాధ్యం.

ఈ లేఅవుట్ నిబంధనలకు విరుద్ధంగా వేసిందేమీ కాదు. ఏపీ భవన నిబంధనలు 2017లో, అంటే జీఓ 119లో, 10 హెక్టార్లు ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకి 9 మీటర్లు వదలాలని ఉంది. ఇక్కడి చెరువు పెద్దది, కాబట్టి 30 మీటర్లు. లేఅవుట్ వేసినాయన కొలిచి సరిగ్గా వదిలాడు. అయితే ఆ 30 మీటర్లు భవనానికి, స్థలానికి లెక్క. భూమి లోపల మురుగు వదిలే గుంతకు ప్రత్యేకంగా ఎవరూ టేపు పట్టరు. చెరువు ఉత్తరాన, పల్లంలో ఉంది. చెరువు వైపు మొదటి వరస ఇళ్లు దక్షిణం ముఖం, వాటి వాయవ్యం ఇంటి వెనక, అంటే సరిగ్గా ఆ 30 మీటర్ల గీత మీద. ఇల్లు చెరువుకి 40 మీటర్ల పైన, దాని ఇంకుడు గుంత 30 మీటర్ల దగ్గర. ఇల్లు చెరువును పాడు చేయదు. గుంత పాడు చేస్తుంది. మనం కొలిచేది ఇంటిని.

న్యూయార్క్ నగరానికి తాగునీళ్లిచ్చే కొండ ప్రాంతపు పరీవాహకంలో 1997 నుంచి అమలులో ఉన్న నియమాలు చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అక్కడ ఇంటి సెప్టిక్ వ్యవస్థలో మురుగు నేలలో ఇంకే భాగం వాగుకి 100 అడుగులు, జలాశయానికి 300 అడుగులు దూరంలో ఉండాలి. కొలత ఇంకే చోటు నుంచి. మన దగ్గరే హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996లో జీఓ 111 తెచ్చినప్పుడు 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో ఇంకో దారి పట్టారు. కొత్త లేఅవుట్లలో 60 శాతం స్థలం ఖాళీగా, రోడ్లకు వదలాలన్నారు, కట్టుబడి వైశాల్యం మొత్తం స్థలంలో సగం దాటకూడదన్నారు. 2022లో ఆ ఆంక్షలు సడలించారు, దాని మీద గొడవలు వేరే కథ. నా దృష్టిలో ఆ జీఓ వెనక ఉన్న ఆలోచన మాత్రం సరైనది. చెరువు ఎగువన ఎన్ని ఇళ్లు పడతాయి అన్నదే అసలు నియమం, ఒక్కో గుంత ఎంత బాగా కట్టారన్నది దాని తర్వాతి మాట. 1999లో సుప్రీంకోర్టు హిమాయత్‌సాగర్ దగ్గర పెట్టబోయిన ఒక నూనె ఫ్యాక్టరీ కేసులో, హాని జరగదని చూపించాల్సిన బాధ్యత పెట్టే వాడిదే అని చెప్పింది. అది ఫ్యాక్టరీ గురించి చెప్పిందే, కానీ అరవై ఇళ్ల లేఅవుట్ దగ్గర ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడం నాకు బాధగా ఉంటుంది.

లెక్క చూడండి. ఇల్లు ఒక్కింటికి రోజుకు 600 లీటర్ల మురుగు వేసుకుంటే 60 ఇళ్లకు 36,000 లీటర్లు. 12,000 లీటర్ల ట్యాంకర్లు మూడు, రోజూ, చెరువు నెత్తిన. సెప్టిక్ ట్యాంకులో శుద్ధి అయిపోతుంది కదా అంటారు. అందులో జరిగేది గట్టి పదార్థం అడుగున చేరడం, కొంత కుళ్లి కరగడం. బయటికొచ్చే నీళ్లలో క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి, నత్రజని దాదాపు అంతా ఉంటుంది. ఒక మనిషి నుంచి ఏడాదికి 3 నుంచి 4 కిలోల నత్రజని వస్తుంది. ఇంటికి నలుగురు చొప్పున వేస్తే లేఅవుట్ మొత్తం మీద దాదాపు ముప్పావు టన్ను నుంచి టన్ను. అది నేలలోకి దిగి నైట్రేట్ అవుతుంది. నైట్రేట్ కాచినా పోదు, కాచే కొద్దీ నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాల సీసా తాగే చంటి పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు, వాళ్ల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. కాచిన నీళ్లే పడుతున్నాం కదా అని ధైర్యంగా ఉండే తల్లులకు ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పాలి.

అసలు శుద్ధి చేసేది మట్టి. మట్టి ఉండాలి, అది పొడిగా ఉండాలి, నీళ్లు దాంట్లో నెమ్మదిగా దిగాలి. ఈ మూడూ ఇక్కడ ఎలా ఉన్నాయో చూశాం.

మన తిరుమల కొండ పైభాగం క్వార్ట్‌జైట్ రాయి. కింద మైదానం పాత గ్రానైట్. ఆ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డులో కనిపిస్తుంది, జాతీయ భూగర్భశాస్త్ర స్మారకంగా గుర్తించారు. చంద్రగిరి వైపు లేఅవుట్లన్నీ ఈ గ్రానైట్ మీదే. పైన రెండు మూడు అడుగుల ఎర్రమట్టి, దాని కింద గరుసు, దాని కింద పగుళ్ల రాయి. బోరులో నీళ్లొచ్చేది ఆ పగుళ్లలోంచే. మురుగు గరుసులోకి దిగిందంటే పగులు పట్టుకుని పోతుంది, అక్కడ వడగట్టే మట్టి ఉండదు. ఎటు పోతుందో పైనుంచి చూసి చెప్పలేం.

నీళ్లింకే పరీక్ష చేశాం. గుంట తీసి, అడుగున కాస్త కంకర వేసి, రాత్రంతా నీళ్లు పోసి నాననిచ్చి, మర్నాడు 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడటం. ఎర్రమట్టిలో దాదాపు 25 నిమిషాలు పట్టింది. గరుసులో తీసిన గుంటలో నీళ్లు పోస్తుండగానే మాయం. పక్కనున్న మేస్త్రి సంతోషపడ్డాడు, "చూసినారా సార్, ఎంత బాగ ఇంకతా ఉండాదో" అని. అంత త్వరగా ఇంకితే అది శుద్ధి కాదు, నేరుగా బోరులోకి పైపు వేసినట్టే. ఆ మేస్త్రే తూర్పింటి ట్యాంకు కూడా కట్టాడట. అడుగున కాంక్రీటు బెడ్ వేయలేదు. "బెడ్ ఎయ్యకుండా ఇడిస్తే ట్యాంకు ఎప్పటికీ నిండదు సార్, క్లీనింగ్ ఖర్చుండదు" అన్నాడు. ఈ మాట తిరుపతి చుట్టూ ప్రతి సైటులో వింటాను, అదొక గొప్పలా చెప్తారు, ఇంటి వాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు. నిండని ట్యాంకు అంటే కారుతున్న ట్యాంకు. నిండాలి, రెండు మూడేళ్లకోసారి ట్యాంకర్ పిలిచి తీయించాలి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని లోపలికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం అని కూడా ఇక్కడే చెప్పేస్తున్నా, ఎందుకంటే తక్కువ ఖర్చని ఇంకా అడిగే వాళ్లున్నారు.

ఇక మిగిలింది, పొడిగా ఉండటం. దగ్గర్లో ఒక పాత దిగుడు బావి ఉంది. వేసవిలో చూసిన వాళ్లకు నీళ్లు 30 అడుగుల లోతున కనిపిస్తాయి, ఇంకేం భయం అనిపిస్తుంది. మన పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల వానలు, ఎక్కువగా నవంబర్‌లో పడతాయి. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగింది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్లు ఖాళీ చేయించారు, అది ఎవరూ మర్చిపోలేదు. అంత వరద రానక్కర్లేదు, మామూలు ఏడాదిలో చెరువు నిండి మొరవ (అలుగు) పోయినా చాలు, ఈ బావిలో నీళ్లు ఐదారు అడుగుల దగ్గరికి వస్తాయని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పారు, బావి రాళ్ల మీద చార కూడా అలాగే ఉంది. సిమెంట్ రింగులతో పదడుగుల లోతు గుంత తీస్తే ఆ రోజుల్లో సగం గుంత భూగర్భ జలంలోనే మునిగి ఉంటుంది. ఐఎస్ 2470 కూడా నీటి మట్టం 1.8 మీటర్ల లోపు వచ్చే చోట గుంత వద్దు, కందకాన్ని నేల పైకి ఎత్తి దిబ్బలా కట్టమంటుంది. నేలను పరీక్షించాల్సింది నవంబర్‌లో. మనం పరీక్షించేది ప్లాటు కొన్నప్పుడు, అది సాధారణంగా ఎండాకాలం.

సరే, ఏం చేశాం.

మొదట నేను గుంతను ఎక్కడికి జరపాలా అని చూశాను. ప్లాటులో చెరువుకు దూరమైన మూల నైరుతి, అది ఎత్తు వైపు కూడా. కానీ నైరుతి మూల దగ్గర నాలుగు ప్లాట్లు కలుస్తాయి. వెనక వరస నైరుతి పక్క ప్లాటు వాళ్లు ఇల్లు కడితే వాళ్ల ఈశాన్యం, అంటే బోరు, సరిగ్గా అక్కడే. దక్షిణం ప్లాటు బోరు మా ఆగ్నేయానికి ఆనుకుంటుంది, నైరుతికి 12 మీటర్ల లోపే. ఎటు జరిపినా ఎవరో ఒకరి బోరు 18 మీటర్ల లోపలికి వస్తోంది. మురుగును జరిపే కొద్దీ గొడవ జరుగుతోందే తప్ప తీరడం లేదు.

అందుకే బోర్లను తీసేద్దాం అన్నాను. లేఅవుట్‌కి ఎగువన, దక్షిణం చివర పార్కు స్థలం పంచాయతీకి రాసిచ్చి ఉంది. అక్కడ పంచాయతీ పేరు మీద ఒక బోరు, చిన్న ట్యాంకు, అక్కడి నుంచి ఇళ్లకు పైపు. కేసింగ్ (బోరు పైపు) చుట్టూ మట్టి పూడ్చి వదిలేయకుండా సిమెంట్ పాలు పోయించాలి, పైన గట్టు కట్టాలి. కేసింగ్ బయట ఉండే సందులోంచి పైనీళ్లు జారడమే చాలా బోర్లు పాడవడానికి కారణం, మన రిగ్గుల వాళ్లు అడిగితే తప్ప ఈ పని చేయరు. వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల ప్రైవేటు బోర్లు కొత్తగా వేయకుండా ఆపవచ్చు కాబట్టి, పంచాయతీ బోరు ఉంటే మిగతా ఖాళీ ప్లాట్లకూ ఒక అడ్డు దొరుకుతుంది.

మాస్టారు, పడమటి ప్లాటు ఆయన, వెనక వరసలో ఇద్దరు, తూర్పింటి వాళ్లు. ఈ ఐదు కుటుంబాలు ఒప్పుకుంటే మాస్టారి ఇంటి చుట్టూ 18 మీటర్ల వలయం ఖాళీ అవుతుంది. వెనక ప్లాట్ల వాళ్లు సొంత బోరు ఖర్చు తప్పుతుందని వెంటనే సరేనన్నారు. పడమటాయన బోరు లేని ఇల్లు రేపు అమ్ముడుపోదని వెనకాడాడు. మాస్టారు ల్యాబు కాగితం ఆయన చేతిలో పెట్టి, "అన్నా, మీ బోరు పక్కన పడేది నా ట్యాంకే, నేనెంత బాగ కట్టినా నా మాట మీద మీరు మనవళ్లకు నీళ్లు తాపతారా" అని అడిగారు. ఆయన ఒప్పుకున్నది ఆ మాటకే, నా లెక్కలకు కాదు.

మాస్టారి ఇంటికి డిజైన్ ఇలా వచ్చింది. సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలోనే ఉంచాం, కానీ అడుగున కాంక్రీటు బెడ్, లోపల ప్లాస్టరింగ్, నీళ్లు నింపి మట్టం తగ్గుతుందేమో చూశాకే పైకప్పు. ఐదుగురికి ప్రమాణం ప్రకారం ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు సరిపోతుంది, మనవాళ్లు దీనికి మూడింతలు కడతారు, పెద్దదైతే మంచిదని. ట్యాంకు తర్వాత నీళ్లు కింది నుంచి పైకి కంకరలోంచి వచ్చే ఫిల్టరు గది. అక్కడి నుంచి అర హెచ్‌పీ మోటారు నీటిని నైరుతి వైపు ఎత్తిన ఇసుక, మట్టి దిబ్బలోకి పంపుతుంది. కరెంటు పోయినా ఒక రోజు నీళ్లు ఆగేంత గది ఇచ్చాం. దిబ్బ సైజు ఐఎస్ లెక్కే: 204ను పరీక్షలో వచ్చిన నిమిషాల వర్గమూలంతో భాగిస్తే చదరపు మీటరుకు రోజుకు ఎన్ని లీటర్లు పంపవచ్చో వస్తుంది. 25 నిమిషాలకు వర్గమూలం 5, కాబట్టి దాదాపు 40 లీటర్లు. మొత్తం 600 లీటర్లకు 15 చదరపు మీటర్లు కావాలి, ఆ స్థలం లేదు. అందుకే మరుగుదొడ్డి నీళ్లు, రోజుకు సుమారు 200 లీటర్లు, విడదీశాం, వాటికి 6 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు దిబ్బ చాలు. స్నానం, వంటింటి నీళ్లు జిడ్డు పట్టే చిన్న తొట్టి దాటి, అడుగున షీటు పరిచిన కంకర మడిలో మెట్టతామర మొక్కల మధ్య నడిచి, అరటి చెట్లకు వెళ్తాయి.

ఇంటికి 6 మీటర్ల దూరం పూర్తిగా రాలేదు. వెనక గదిని మేడ మీదికి మార్చాక 4 మీటర్లు వచ్చింది. ఆ 6 మీటర్లు ప్రధానంగా ఇంటి పునాదుల కోసం, గోడల తేమ కోసం. 18 మీటర్లు నీళ్ల కోసం. ఏదో ఒకటి తగ్గించక తప్పదన్నప్పుడు మొదటిది తగ్గించి పునాదికి తేమ ఆపే పూత పెట్టాం. వేరే వాళ్లు ఇంకోలా తేల్చవచ్చు, నేను నీళ్ల వైపే ఉంటాను.

నైరుతిలో మురుగా అని మాస్టారి ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు మొదట. అది సహజమే, ఇల్లు కట్టుకునేది మనశ్శాంతి కోసం. సిద్ధాంతి గారిని పిలిపించి డ్రాయింగు చూపించాం. నైరుతిలో గొయ్యి పనికిరాదు గానీ నైరుతి ఎత్తుగా ఉండటం మంచిదే, ఇది గొయ్యి కాదు దిబ్బ కదా అన్నారాయన. ఆవిడ అక్కడ నందివర్ధనం మొక్కలు పెట్టుకుంటానన్నారు, పెట్టుకోవచ్చు, వేళ్లు లోతుగా పోయే పెద్ద చెట్లు మాత్రం వద్దన్నాను.

తూర్పింటి వాళ్లు పార్కు బోరు నీళ్లు తీసుకోవడానికి ఒప్పుకున్నారు గానీ, ట్యాంకుకు బెడ్ వేయించడానికి ఒప్పుకోలేదు. ఉన్న ఇంట్లో ట్యాంకు ఖాళీ చేయించి కట్టడమంటే వాసన, ఖర్చు, కొన్నాళ్లు ఇబ్బంది, నిజమే. వాళ్లను బలవంతం చేసే నియమం నా చేతిలో లేదు. మాస్టారి పాత బోరుకు తాగే పైపుతో ఏ కలయికా లేకుండా విడదీసి, కట్టుబడికి, గోడలు తడపడానికి మాత్రం వాడుతున్నారు. ఇల్లు పూర్తయ్యాక దాన్ని కంకర, సిమెంటుతో పూడ్చేయమన్నాను. తెరిచి వదిలేస్తే అదే మురుగుకు పగుళ్లలోకి దారి.

మొదటి వరస, చెరువు వైపున్న ఇళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో సగం ప్లాట్లు ఖాళీ. వాటి ప్లాన్లు గీయబోయే తోటి ఇంజనీర్లకు ఈ లేఅవుట్ మ్యాపు మీద ప్రతి బోరు, ప్రతి గుంత గుర్తుపెట్టి ఒక కాపీ ఇచ్చాను. పంచాయతీకి ఇచ్చిన అర్జీలో రెండే అడిగాం: చెరువు ఎగువన ఏ ఇంటి ప్లాన్ వచ్చినా చుట్టూ 18 మీటర్లలో ఉన్న బోర్లు, గుంతలు ఆ డ్రాయింగులోనే చూపించాలి, ఎఫ్‌టీఎల్ నుంచి దూరం ఇంటి గోడకు కాక ఇంకే గుంతకు కొలవాలి. గ్రామసభ ముందుకు తెస్తామన్నారు. పార్కు బోరు నీళ్ల మొదటి శాంపిల్‌లో కోలిఫాం లేదు, నైట్రేట్ పరిమితి లోపే ఉంది. రెండో శాంపిల్ చెరువు మొరవ పోయే రోజుల్లో తీయాలి.